నీటి అడుగున బాయిలర్

జనవరి 18

పిచ్చుకా,

నీ గెస్ట్‌హౌస్ పైకప్పు కారడం ఆగిందని తెలిసి మనసు కుదుటపడింది. ఇక్కడ ఆసుపత్రి బట్టల గదిలో నాకు తల ఎత్తే తీరిక లేదు. వార్డులన్నీ నిండి ఉన్నాయి. దుప్పట్లన్నీ మాట్లాడుకున్నట్టు ఒకేసారి చిరుగుతున్నాయి. దానికి తోడు మీ అన్నయ్య నడిపే బాయిలర్ ముసలిదైపోయింది. ఒకరోజు ఆవిరి ఇస్తుంది, ఒకరోజు అలిగి కూర్చుంటుంది. ఆయన దాన్ని మాత్రం ఒక్క మాట అననివ్వరు. నా దుప్పట్లు ఇస్త్రీ అయ్యేది ఆ సవతి దయవల్లే కాబట్టి నేనూ ఊరుకుంటాను.

అసలు సంగతి వేరే. దిష్టి తగులుతుందేమోనని ఎవరికీ చెప్పలేదు. మీ అన్నయ్యకు దేవుడి మీద మనసు మళ్ళింది.

నవ్వకు. తెల్లవారగానే కిటికీ దగ్గర కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చుంటున్నారు. ఎంత నెమ్మదిగా ఊపిరి తీస్తారో, మొదటిరోజు నేను భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. సిగరెట్ మానేశారు. రాత్రిళ్ళు తక్కువ తింటున్నారు. మంగళవారం సాయంత్రాలు సంచిలో తువ్వాలు పెట్టుకుని ఎక్కడికో వెళ్తారు. తల తడిగా, శుభ్రంగా తిరిగి వస్తారు. కళ్ళ చుట్టూ ఎర్రగా గుర్తులుంటాయి, బాగా ఏడ్చినవాళ్ళకు ఉన్నట్టు. ఎక్కడికని అడగలేదు. మొలకెత్తిందా లేదా అని రోజూ మట్టి తవ్వి చూస్తే విత్తనం బతకదు కదా.

"వాడికి దేవుడంటే కోపం కాదమ్మా, బద్ధకం" అనేవారు మీ అమ్మ. ఆవిడ ఉంటే ఎంత సంతోషించేవారో. నేను ఇన్నేళ్ళు ఒక్కదాన్నే కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. ఇప్పుడు పక్క గదిలో ఇంకొకరు కూర్చున్నారంటే ఇల్లే వేరుగా ఉంది.

మీ ఆయన నాకు తమ్ముడి వరసే కదా, ఆ తమ్ముడుగారి పడవ బాగా నడవాలని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. యుద్ధంలో మునిగిపోయిన ఓడల మీదికి వినోదానికి నీళ్ళలో దిగేవాళ్ళంటే నాకు ఇష్టం లేదని నీకు తెలుసు. శ్మశానం గోడ దూకి తిరిగినట్టే అది. అయినా మీ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా.

మీ అన్నయ్యని ఆటపట్టిస్తూ ఉత్తరం రాయకు. నామీద ఒట్టు.

నీ వదిన


ఫిబ్రవరి 2

వదినా,

ఒట్టు పెట్టావు, ఇక నా చేతులు కట్టేసినట్టే.

నువ్వు సంతోషంగా ఉన్నావు, నాకు అదే చాలు. కానీ వదినా, మట్టి తవ్వొద్దన్నావు గానీ, అది ఏ మొక్కో ఒకసారి అడిగితే తప్పేముంది? "మీరు పొద్దున్నే ఏం చేస్తున్నారండీ" అని అడుగు. అడగడమే. అన్నయ్య చిన్నప్పటినుంచీ అంతే, అడిగితే అబద్ధం చెప్పడు, అడగకపోతే నిజం చెప్పడు.

ఇక్కడ సముద్రపు నీళ్ళు ఇంకా చల్లగా, మురికిగా ఉన్నాయి. మేలో గానీ అడుగు కనబడదు. అయినా ఆ నెలకు గదులన్నీ ఇప్పుడే మాట్లాడేసుకున్నారు. నేను దిగేవాళ్ళ రబ్బరు సూట్లు మంచినీళ్ళలో ముంచి తీసి పెరట్లో ఆరేస్తున్నాను. గాలి వీస్తే తలకాయలు లేని మనుషులు తీగ మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నట్టు ఉంటుంది. కొత్తగా వచ్చిన పోస్టుమ్యాన్ గేటు బయటే ఆగిపోయి "అమ్మా, వీళ్ళు ఎవరు?" అన్నాడు. "అద్దె ఇవ్వనివాళ్ళు" అని మా ఆయన అన్నాడు. అప్పటినుంచి ఉత్తరాలు గోడ మీద పెట్టి పోతున్నాడు.

అవునూ, అన్నయ్య చెవుల గురించి డాక్టరు ఏమన్నాడు?

ఉంటాను. కింద ఎవరో వేడినీళ్ళు రావడం లేదని అరుస్తున్నారు.

పిచ్చుక


ఫిబ్రవరి 17

పిచ్చుకా,

చెవుల సంగతి నీకెలా తెలిసింది? ఆయనే రాశారా? నాకైతే చెప్పనే లేదు. ఇప్పుడు అర్థమైంది. నేను పిలిస్తే పలకకపోతే ధ్యానంలో ఉన్నారనుకున్నాను, వినికిడి తగ్గిందన్నమాట. పాపం, అందుకేనేమో ముక్కు పట్టుకుని, నోరు మూసుకుని, బుగ్గలు పూరించి కూర్చుంటున్నారు. నేను అదీ సాధనలో భాగమే అనుకున్నాను. రెండూ అయి ఉండొచ్చు. అప్పటినుంచి కాస్త గట్టిగా మాట్లాడుతున్నాను. "ఎందుకలా అరుస్తావు?" అంటారు. చెవులు తగ్గినవాళ్ళు ఒప్పుకోరుగా.

నువ్వు అడగమన్నావని అడిగాను. కాస్త తిప్పి అడిగాను. "పొద్దున్నే మీ పక్కన నేనూ కూర్చోవచ్చా?" అన్నాను. ఆయన లేచి ఇంకో కుర్చీ తెచ్చి వేశారు.

అప్పటినుంచి ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటున్నాం. నేను ప్రార్థన మెల్లగా పైకి చెప్పుకుంటాను. ఆయన పెదవి కదపరు, ఊపిరి మాత్రం తీస్తుంటారు. కింద ఆసుపత్రి గేటు తెరిచిన చప్పుడు వినబడేదాకా అంతే.

మొన్న ఉన్నట్టుండి అడిగారు: "ఎప్పుడో పోయినవాళ్ళ కోసం ఇప్పుడు ప్రార్థన చేస్తే వాళ్ళకు అందుతుందా?" అందుతుందన్నాను. తల ఊపారు. ఏదీ నమ్మని మనిషి నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

ఇంకో సంతోషం. మేలో మీ ఊరు వద్దామన్నారు. "అక్కడ ఒకటుంది, రిటైరయ్యేలోగా చూసి తీరాలి" అన్నారు. ఏమిటని నేను అడగలేదు, నాకు తెలుసు కదా. మీ ఊరి కొండ మీది మందిరం. పెళ్ళైన కొత్తలో రమ్మంటే "మెట్లు నువ్వెక్కు, నేను కింద టీ తాగుతాను" అన్న మనిషి. ఆయన కోసం తెల్లబట్ట కొన్నాను, జత కుడుతున్నాను. కొలత తీసుకోకుండానే కుడుతున్నాను, ఆశ్చర్యపోవాలని.

మాకు ఒక గది ఉంచు. ఆ దిగేవాళ్ళ గోల వినబడని మూల అయితే మంచిది.

ప్రేమతో,
వదిన


మార్చి 5

వదినా,

గది ఎప్పుడో ఉంచాను. ఎప్పుడో అని ఎందుకన్నానో అడగకు.

నీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. చేతిలో పానా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "కొండకా?" అన్నాడు. "కొండకే" అన్నాను. "మెట్ల కింద కూర్చుని ఏడుద్దాం పద" అన్నాడు. అర్థం కాకపోతే పోనీలే, ఆయన మాటలు ఎవరికి అర్థమయ్యాయి.

నిన్నొకటి అడుగుతాను, నువ్వు నిదానంగా ఆలోచించి చెప్పు. మేలో మా దగ్గరికి ఒక పెద్దాయన వస్తున్నాడు. వినోదానికి కాదు. ఆయనది యంత్రాల పని. యుద్ధకాలంలో మునిగిన సరుకుల ఓడ ఒకటి ఇక్కడ అడుగున నిటారుగా కూర్చుని ఉంది. దాని ఇంజిను గదిలో ఒక బాయిలర్ ఉంది. అలాంటిదాని దగ్గరే ఆయన జీవితమంతా పనిచేశాడట. ఒకే కార్ఖానాలో, ఒకే ఏడాది పుట్టినవట రెండూ. తనదాన్ని తీసేస్తున్నారు, దాని జతను ఒకసారి చూడాలి అంటాడు. ఈ వయసులో ఈత నేర్చుకుని, గాలి సిలిండర్ వాడడం నేర్చుకుని, పరీక్ష కూడా రాశాడు. ఇంట్లో భార్యకు మాత్రం చెప్పడానికి భయం. అలాంటి మనిషిని నువ్వయితే ఏమంటావు?

చెవులు బాగానే ఉన్నాయి వదినా, దయచేసి అరవకు.

నీ పిచ్చుక


మార్చి 20

పిచ్చుకా,

నన్నడిగావు కాబట్టి చెబుతున్నాను. ఆ పెద్దాయన్ని తలుచుకుంటే జాలేస్తోంది. యంత్రంతో కాపురం చేసినవాళ్ళ బాధ నాకు తెలియనిది కాదు. మా బాయిలర్‌ని కూడా ఈ వేసవిలో తీసేస్తున్నారు. గ్యాసుది వస్తోంది. మీ అన్నయ్య దాని ఇత్తడి పలకను రోజూ తుడుస్తున్నారు. పోయేవాళ్ళకు తల దువ్వినట్టు ఉంటుంది చూడ్డానికి.

అయినా భార్యకు చెప్పకుండా ఇదేం పని? నీళ్ళలోకి దిగడం కన్నా అది పెద్ద తప్పు. ఆవిడ ఎవరో గానీ, ఇంట్లో ఏమీ తెలియకుండా వంట చేసుకుంటూ ఉంటుంది పాపం. రాగానే ఆయన్ని కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెట్టు. నామాటగా పెట్టు. అప్పటికీ దిగుతానంటే, ఆ ఓడలో ప్రాణాలు విడిచినవాళ్ళను తలుచుకుని దిగమను. ఉత్త చేతులతో పైకి రమ్మను.

మీ అన్నయ్య ఆ రకం కాదు, అదే నా అదృష్టం. తెల్ల చొక్కా పూర్తయింది. ఇంకా గుండీలు కుట్టాలి.

వదిన


ఏప్రిల్ 8

పిచ్చుకకు,

నిన్న మధ్యాహ్నం బట్టల గదికి ఒక అమ్మాయి వచ్చింది. ఊరి చివర ఈత కొలనులో నేర్పుతుందట. చేతిలో నల్ల రబ్బరు సూటు. "అమ్మా, మీ కుట్టు కనబడదని అందరూ అంటారు, ఇది కుట్టగలరా?" అంది.

ఎవరిదమ్మా అన్నాను, మాటవరసకి.

"మా బాయిలర్ బాబాయిది. కాళ్ళకు ఈత రెక్కలు తొడుక్కుందామని వంగితే వెనక టప్పుమంది. మొహమాటం మనిషి, గోడకు వీపు ఆనించి నడుచుకుంటూ వెళ్ళిపోయారు" అని నవ్వింది. "మా దగ్గర అందరికన్నా ఆయన ఊపిరే నెమ్మది. అడుగున అలా కూర్చుంటే కుర్రాళ్ళందరం చూస్తాం. మేలో ఓడ దగ్గరికి వెళ్తున్నారు."

నేనూ నవ్వాను. ఏం చేయను? ఆ అమ్మాయి కొలను నుంచి నేరుగా వచ్చినట్టుంది, నీళ్ళలో పెట్టుకునే అద్దాల మాస్క్ నుదుటి మీదికి తోసుకుని ఉంది. కళ్ళ చుట్టూ ఎర్రటి గుర్తు.

కుట్టాను. ఆ రబ్బరు బట్టలా కాదు. సూది అవతలికి దిగితే నీళ్ళు లోపలికి వస్తాయట. సగం మందం దాకా దింపి, పైకి తీసి, మళ్ళీ సగం దాకా దింపాలి. ముందు బంక పెట్టి అంచులు కలిపాను. బాగా వచ్చింది. ఆయన ప్రాణం దాని లోపల ఉంటుంది కదా, బాగా రావాలి.

మంగళవారాలు ఆయన ఒంటి మీది కొలను వాసనను బ్లీచింగ్ వాసన అనుకున్నాను నేను. మా లాండ్రీలో అందరి దగ్గరా అదే వాసన.

దిగుతున్నారని నాకు కోపం లేదు. ఆ పెద్దాయన మీద జాలిపడ్డదాన్ని, ఈ పెద్దాయన మీద పడలేనా? కానీ ఇన్ని పొద్దులు పక్కన కూర్చుని దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. దేనికి చెప్పుకున్నట్టు? అది తలుచుకుంటే సిగ్గుగా ఉంది. నీకు మొదటినుంచీ తెలుసు. చెవుల గురించి అడిగినప్పుడే తెలుసు.

ఆయనకు నేనింకా ఏమీ చెప్పలేదు.

వదిన


ఏప్రిల్ 15

వదినా,

నీ ఉత్తరం కింద ప్రేమతో అని లేదు. రెండుసార్లు తిప్పి చూశాను.

తెలుసు. డిసెంబరులోనే అన్నయ్య రాశాడు. చెవులు లోతుకు తట్టుకుంటాయో లేదో డాక్టరుకు చూపించమన్నారట, ముక్కు పట్టుకుని బుగ్గలు పూరించేదీ అందుకే. "నేర్చుకోవడం పూర్తయ్యాక నేనే చెబుతాను, ఈలోగా చెబితే మీ వదిన ప్రతి మంగళవారం తిండి మానేసి కూర్చుంటుంది" అన్నాడు. సరేనన్నాను. తర్వాత నీ మొదటి ఉత్తరం వచ్చింది. అది చదివి అన్నయ్యకు నాలుగు పేజీలు తిట్టాను. ఆయన జవాబు ఒకటే ముక్క: "ఇప్పుడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. ఎలా చెప్పను? రోజు మొత్తంలో నాకు బాగుండేది అదే." నేనేం చేయను వదినా? నీ ఒట్టు ఒక పక్క, ఆయన మాట ఒక పక్క. మద్దెల బతుకైపోయింది.

నీ చీవాట్లు అన్నయ్యకు పంపలేదు. నువ్వే పెట్టుకో, అవి నీవే.

ఒక్క సంగతి చెప్పాలి. శ్మశానం గోడ దూకడం అన్నావు. మా ఆయన పడవ సంగతి నీకు తెలియదు. పడవ ఆ ఓడ మునిగిన చోటికి రాగానే ఇంజిను ఆపేస్తాడు. టోపీ తీస్తాడు. ఎవరూ మాట్లాడకూడదు. ఎంతసేపని చెప్పడు, ఆయనకు చాలనిపించేదాకా. కింద దేన్నీ ముట్టుకోకూడదు. పోయినేడు ఒక పెద్దమనిషి సూటులో దాచి ఒక చెంచా తెచ్చాడు. మా ఆయన పడవ వెనక్కి తిప్పి, ఆ చెంచాను మళ్ళీ కింద పెట్టించి గానీ ఒడ్డుకు రాలేదు.

నీళ్ళు తేరుకుంటున్నాయి. మే రెండోవారం ఆటుపోట్లు తక్కువగా ఉంటాయి, ఓడ ఒడ్డుకు దగ్గరే, మరీ లోతు కాదు. అన్నయ్యతో పాటు మా ఆయనే స్వయంగా దిగుతాడు, ఇంజిను గది తలుపు దాకా, లోపలికి కాదు. అంతా ఖాయం చేశాం. కానీ అన్నయ్య మొదటి ఉత్తరంలోనే రాశాడు: "మీ వదిన వద్దంటే వద్దు." నువ్వు వద్దను, గది తీసేస్తాను. ఇక ఆ మాట ఎవరూ ఎత్తరు.

తల వంచుకుని,
పిచ్చుక


ఏప్రిల్ 27

పిచ్చుకా,

మద్దెలకు రెండు పక్కలా దెబ్బలే, నిజమే. మూడో పక్క నేనూ వేశాను. క్షమించు.

ఆదివారం పొద్దున్న ఎప్పటిలాగే కూర్చున్నాం. ప్రార్థన మొదలుపెట్టకుండా అన్నాను: "సూటు బాగా కుదిరిందా?"

కళ్ళు తెరిచారు. "ఏ సూటు?"

"వెనక టప్పుమన్నది."

"నువ్వా కుట్టింది?" అన్నారు. "ఎవరో గానీ పనితనం తెలిసిన మనిషి అనుకున్నాను."

"పొగడ్తలు తర్వాత. చెప్పండి."

చెప్పారు. పలక మీద ఉన్న కార్ఖానా పేరు, ఏడాది, ఓడ గురించి ఎప్పుడో పత్రికలో చూసిన బొమ్మ, అన్నీ. నేను అడిగింది ఒకటే. "నా పక్కన కూర్చుని ఇన్నాళ్ళూ గాలి లెక్కపెట్టుకున్నారా?"

"మొదట్లో లెక్కే పెట్టాను" అన్నారు. "అంకెలు లెక్కపెడితే నీళ్ళ అడుగున గాభరా పుట్టేది. ఊపిరి వేగం ఎక్కేది, సిలిండర్ అరగంట కూడా వచ్చేది కాదు. ఆ అమ్మాయి ఈ వయసులో ఇంతే అంది. తర్వాత నువ్వొచ్చి కూర్చున్నావు. నీ ప్రార్థనలో ఒక వరుసకు ఊపిరి తీసుకుని, తర్వాతి వరుసకు వదలడం మొదలుపెట్టాను. సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు కొలనులో కూడా అదే. మొత్తం నోటికొచ్చేసింది."

నా కుర్చీని ఆయన వైపు తిప్పుకున్నాను.

"నమ్మకం వచ్చిందని నీకు అబద్ధం చెప్పను" అన్నారు. "కానీ అది లేకపోతే నాకు గాలి చాలదు."

చూశావా, అడిగితే అబద్ధం చెప్పరన్నావు. నేను కృతజ్ఞత చెప్పింది వృథా పోలేదేమో. దేనికి చెప్పానో నాకే సరిగ్గా తెలియలేదు, అంతే.

చీవాట్లు పెట్టాను. నాలుగూ పెట్టాను. తర్వాత మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నేను పడవ ఎక్కుతాను, ఆయన కొండ ఎక్కుతారు. గది ఉంచు. పడవలో కళ్ళు తిరగకుండా ఏం తేవాలో రాయి. లిఫ్టు ఎక్కడానికే భయపడేదాన్ని, తమ్ముడుగారికి ముందే చెప్పు.

ప్రేమతో, ఈసారి మర్చిపోకుండా,
వదిన


జూన్ 3

పిచ్చుకా,

క్షేమంగా చేరాం. నువ్వు కట్టిచ్చిన రొట్టెలు రైల్లో అందరికీ పంచాను. ఉత్తరం ఆలస్యమైంది. కొత్త బాయిలర్ వచ్చింది. తెల్లగా, చప్పుడు లేకుండా, బీరువాలా ఉంది. ఆవిరి నిమిషంలో వస్తుంది. దుప్పట్లు చక్కగా ఇస్త్రీ అవుతున్నాయి. నాకు ఏమీ తోచడం లేదు.

పాతదాన్ని ముక్కలు చేసి తీసుకెళ్ళిన రోజు ఆయన దగ్గర నిలబడ్డాను. ఏడుస్తారేమో అనుకున్నాను. "దీని బతుకు ఇక్కడ అయిపోయింది, దానిది అక్కడ బాగుంది. బొగ్గు వేసే తలుపులోంచి ఒక చేప బయటికి వచ్చి నన్ను చూసి, ఇంట్లోకి పోయినట్టు లోపలికి పోయింది" అన్నారు. మీ ఇంట్లోనే పదిసార్లు చెప్పిన సంగతే. ఇప్పుడు గ్యాసు బిగించే కుర్రాళ్ళకు కూడా చెబుతున్నారు.

నీకు అక్కడ చెప్పని మాట ఒకటుంది. తమ్ముడుగారు ఇంజిను ఆపి టోపీ తీసినప్పుడు నేను ఆ ఓడలో పోయినవాళ్ళందరి కోసం ప్రార్థన చేశాను. వాళ్ళ పేర్లు తెలియవు. దేవుడికి తెలుసు. వాళ్ళిద్దరూ నీళ్ళలోకి వెళ్ళిపోయాక ఇక బుడగలు తప్ప ఏమీ లేవు. నువ్వు నా చేయి పట్టుకున్నావు, గుర్తుందా? నా పెదవులు కదులుతుంటే భయపడుతున్నాననుకున్నావు. కాదు. నేను ప్రార్థనను సాగదీస్తున్నాను. ఒక్కొక్క వరుసా ఎంత మెల్లగా చెప్పగలనో అంత మెల్లగా. కింద ఆయన అదే చెప్పుకుంటుంటారని తెలుసు కదా. రెండు చోట్ల బుడగలు లేచేవి, వాటిలో నెమ్మదైనవి వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చేవి. కాసేపటికి నా వరుసలకూ వాటికీ సరిపోయింది. నేను ఊహించుకున్నానని అనుకో, ఫర్వాలేదు. పైకి వచ్చాక తమ్ముడుగారు ఆయన సిలిండర్‌లో గాలి చూపే ముల్లు చూసి "బావగారూ, ఇంకో ఓడ చూసొచ్చేంత గాలి మిగిల్చారు" అన్నప్పుడు నువ్వు కూడా విన్నావు.

కొండ మీద తెల్ల జత భుజాల దగ్గర బిగువైంది, చూశావుగా. ఈత వల్ల భుజాలు పెరిగాయని నాకేం తెలుసు. విప్పి మళ్ళీ కుట్టాను.

నిన్న పొద్దున్న లేచేసరికి కిటికీ దగ్గర రెండు కుర్చీలూ వేసి ఉన్నాయి. మళ్ళీ ఏ ఓడకూ వెళ్ళేది లేదు, కొలను మానేశారు.

"ఇంక గాలి మిగుల్చుకోవలసిన పనేముంది?" అన్నాను.

"ఏమో" అన్నారు. "మొదలుపెట్టు. ఆలస్యమవుతోంది."

మొదలుపెట్టాను. ఎందుకని అడగలేదు పిచ్చుకా. నువ్వూ అడగకు.

ఇక్కడ గేటు తెరిచిన చప్పుడైంది. పనికి వెళ్తున్నాను. మీ పెరట్లో తీగ మీద కూర్చున్నవాళ్ళలో ఎవరికైనా కుట్టు ఊడితే నాకు పంపు.

ప్రేమతో,
వదిన